సముద్రంలో పెరిగిన దుంగ

ఉప్పురేవులో ఓడ దిగిన ఇరవై మూడో నంబరు టేకు దుంగ, మూడు నెలల కిందట అదే రేవులో ఓడెక్కినప్పటి కంటే ఇరవై ఏడు శాతం పెద్దదై తిరిగొచ్చిందని గురువారం ఉదయం పదకొండు గంటలకు బయటపడింది.

పదకొండుంబావుకి నాకు ఫోనొచ్చింది.

"కామరాజు గారూ, తక్షణం రండి. జీపులో వద్దు, నడిచి రండి. ఎవరి కంటా పడకూడదు."

నా గదికీ ఆ గొంతున్న గదికీ మధ్య ఒక వరండా ఉంది. జీపులో వెళ్ళడం ఎలాగూ కుదరదు. నడిచే వెళ్ళాను.

నేను జాతీయ అటవీ పరిశ్రమల పోటీతత్వ మండలిలో నిఘా అధికారిని. అడవిలో చెట్లు వాటంతటవే నిలబడతాయి. వాటిని ప్రపంచ మార్కెట్లో నిలబెట్టడం మా మండలి పని. కలప అమ్మే దేశాలన్నిటినీ వరసలో నిలబెట్టి, విదేశాల్లో ఎవరో ఏటా ఒక పట్టిక వేస్తారు. చవకలో ఆరేళ్ళుగా మనది మూడో స్థానం. ఆ మూడు అంకెని నిలువెత్తు ఇత్తడిలో పోతపోయించి మండలి గుమ్మం మీద బిగించారు. దాన్ని రోజూ చింతపండుతో తోమడానికి ఒక మనిషి ఉన్నాడు.

ఫోను చేసిన గొంతు మేనేజింగ్ డైరెక్టరు పరాంకుశం గారిది. ఆయన కుర్చీ వెనక గోడకి అద్దాల పెట్టెలో ఒక బంగారు పతకం వేలాడుతూ ఉంటుంది. దాని కింద 'అటవీ కొలతల శాస్త్రం, ప్రథమ స్థానం' అని రాసుంటుంది. ఆ రోజు ఆయన ఆ పతకానికి వీపు పెట్టి, బల్ల మీది రెండు కాగితాలకేసి చూస్తున్నారు.

"మన కొత్త భవనం సంగతి తెలుసుగా," అన్నారు.

తెలుసు. ప్రపంచ స్థాయి భవనానికి ప్రపంచ స్థాయి కలపే వాడాలని, దేశవాళీ కలప ఒక్క ముక్క కూడా గుమ్మం దాటరాదని మండలి తీర్మానం చేసింది. కాంట్రాక్టరు విదేశం నుంచి టేకు తెప్పించాడు. ఆ దుంగల్లో ఒకదాని మొదట్లో, మన చింతలగండి డిపోలో కొట్టిన సుత్తి ముద్ర, ఇరవై మూడు నంబరుతో సహా కనిపించింది. డిపో దాటే ప్రతి దుంగకీ ఆ ముద్ర పడాల్సిందే. అది చెరగదు.

"అంటే మనం అమ్మిన దుంగనే మనం కొనుక్కున్నాం," అన్నాను.

"అది సమస్య కాదు. ఎగుమతుల్లో ఒకటి పెరిగింది, దిగుమతుల నాణ్యతలో ఒకటి పెరిగింది. ఉభయత్రా పురోగతే. సమస్య ఇది." కాగితాలు నా వైపు తోశారు.

మొదటిది మన డిపో చీటీ. ఇరవై మూడో నంబరు దుంగ, సున్నా దశాంశం ఎనిమిది ఘనపు మీటర్లు. రెండోది విదేశీ రేవు చీటీ. అదే దుంగ, ఒకటి దశాంశం సున్నా రెండు.

"ఏం చెయ్యమంటారు?"

"మీరు బయట కూర్చోండి. నేను ఆలోచించాలి."

తలుపు వేసుకున్నారు. గంటసేపు ఆ తలుపు తెరుచుకోలేదు. నేనూ, కబురు తెలిసి పోగైన మిగతా అధికారులూ సమావేశపు హాల్లో కూర్చున్నాం. మధ్యాహ్నం ఒంటి గంటకి ఆయన వచ్చారు. మొహం తుడుచుకుని మా అందరి వైపూ ఒకసారి చూశారు.

"దుంగ పెరిగింది," అన్నారు.

ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. తర్వాత ముందు వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత అందరం కొట్టాం.

*

ఆ సాయంత్రానికే మా పోటీతత్వ సలహాదారు డాక్టర్ సుధన్వ తెర మీద బొమ్మలు వేసి దీన్ని సిద్ధాంతం చేశాడు. ముప్పై ఎనిమిదేళ్ళవాడు. అడవిని విమానం కిటికీలోంచి చాలాసార్లు చూశాడు.

"నేల మీద టేకు చెట్టు ఏడాదికి రెండు శాతం పెరుగుతోంది. సముద్రం మీద మూడు నెలల్లో ఇరవై ఏడు. ఎందుకు? నేల మీద చెట్టుకి పోటీ లేదు. పక్క చెట్టు కూడా కదలదు, ఈ చెట్టూ కదలదు. ఇదొక సోమరి వాతావరణం. ఓడెక్కిన దుంగకి ఎదురుగా ప్రపంచ మార్కెట్ కనిపిస్తుంది. దానిలో నిద్రాణమైన పోటీతత్వం మేల్కొంటుంది."

వెనక వరసలోంచి చింతలగండి రేంజరు జోగారావు చెయ్యెత్తాడు. "నరికిన దుంగండీ అది. వేరు లేదు, ఆకు లేదు. ఎలా పెరుగుద్దండీ?"

"వేరు, ఆకు అనేవి సాంప్రదాయిక ఆలోచనా చట్రంలోని అంశాలు," అన్నాడు సుధన్వ.

"మరి నీళ్ళు?"

"సముద్రం నిండా నీళ్ళే కదా!"

హాలంతా నవ్వింది. వారం తిరక్కుండా జోగారావుని ఓడ మీదికి బదిలీ చేశారు.

అలా మొదలైంది 'సముద్ర వనం' పథకం. చింతలగండి డిపోలోని మూడు వందల పన్నెండు దుంగల్ని ఓడెక్కించి, విదేశీ రేవులో దించి, అక్కడివాళ్ళతో కొలిపించి, అమ్మకుండానే మళ్ళీ ఎక్కించి వెనక్కి తేవడం. 'పెరిగే సరుకుని అమ్ముకోవడం దూరదృష్టి లేకపోవడం' అని మినిట్స్‌లో రాసుకున్నారు. ఇరవై మూడో నంబరు దుంగకి దండ వేసి, బొట్టు పెట్టి, అన్నిటికంటే ముందు ఎక్కించారు. పేపర్లో దాని ఫోటో పడింది. పక్కన సుధన్వ ఉన్నాడు.

ఓడ మీద బెరడు ఎండిన దుంగలున్నాయి కాబట్టి అది అడవి. అడవి కాబట్టి దానికి గార్డులు కావాలి. ఓడని మూడు బీట్లుగా విడగొట్టారు. ఓడ మూతి నుంచి వంటగది దాకా ఒకటి, వంటగది నుంచి ఇంజను దాకా ఒకటి, మిగతాది ఇంకొకటి. గొడ్డలి పట్టుకుని ఎవడూ రాకుండా చూడటం వాళ్ళ డ్యూటీ. నెల తర్వాత జోగారావు నుంచి సందేశం వచ్చింది.

'మూడు బీట్లలోనూ వాంతులు. దుంగలు కదలడం లేదు, నేనే కదులుతున్నాను. తిరిగి రావడానికి అనుమతి కోరుతున్నాను.'

పరాంకుశం గారి కార్యాలయం జవాబు రాసింది. 'దుంగలు కదలడం లేదన్న విషయం నమోదు చేసుకోవడమైనది. ఎదుగుదల అంతర్గతమని గమనించగలరు.'

తర్వాత వనమహోత్సవం కూడా డెక్కు మీదే జరిగింది. పాలిథిన్ సంచుల్లో నాలుగు వేల టేకు మొక్కల్ని ఎక్కించారు. పది రోజులకే ఒక్కటి మిగల్లేదు. 'పోటీకి మొక్కలు మానసికంగా సంసిద్ధం కాలేదు' అని నివేదిక వచ్చింది. వచ్చే ఏడు వాటికి ముందుగా తీరంలో శిక్షణ ఇవ్వాలని సూచించింది. ఆ సూచన ఆమోదం పొందింది. మొక్కలకి పాఠాలు చెప్పడానికి ఇద్దరు శిక్షకుల్ని కూడా తీసుకున్నారు.

ఇక్కడిదాకా నాకు అభ్యంతరం లేదు. నిఘా విభాగానికి మూర్ఖత్వం మీద అధికారం లేదు. దొంగతనం మీదే ఉంది.

నాలుగో ప్రయాణం ముగిశాక మండలి చివరి అడుగు వేసింది. చింతలగండి కొండ మీద ముప్పై నాలుగేళ్ళ వయసున్న టేకు తోట ఉంది. 'నేల మీద నిలబడి ఉండటమే అలవాటైన ఈ చెట్లను మొదలంటా నరికి, సంపూర్ణంగా సముద్రానికి తరలించవలసినది' అని ఉత్తర్వు రాశారు. ఉత్తర్వు మీద సంతకం పడకముందే గొడ్డళ్ళు పడ్డాయి. పదిహేను రోజుల్లో కొండ బోడిదయింది.

సరిగ్గా ఆ వారమే దొంగతనం బయటపడింది.

*

లెక్క చాలా తేలిక. ప్రయాణానికి ఇరవై ఏడు శాతం చొప్పున నాలుగు ప్రయాణాల్లో ఇరవై మూడో నంబరు దుంగ రెండు దశాంశం ఒక ఘనపు మీటర్లు కావాలి. డిపోకి వచ్చిన ప్రతిసారీ, మళ్ళీ ఓడెక్కే ముందు, అక్కడి కొలతగాడు దాన్ని కొలిచి చీటీ రాశాడు. నాలుగు చీటీలూ తెప్పించి చూశారు. సున్నా దశాంశం ఎనిమిది. సున్నా దశాంశం ఎనిమిది. సున్నా దశాంశం ఎనిమిది. సున్నా దశాంశం ఎనిమిది.

డాక్టర్ సుధన్వ నా బల్ల మీద గుద్దాడు. "సముద్రంలో పెరిగిందన్నది శాస్త్రీయంగా రుజువైంది. డిపోలో లేదన్నది రికార్డు. పెరిగిన కలప ఎక్కడికి పోయింది?"

"మీరేం అనుకుంటున్నారు?"

"అనుకోవడం కాదు. నాలుగు చీటీల మీదా ఒకడి సంతకమే ఉంది. మూడు వందల పన్నెండు దుంగలకీ వాడి సంతకమే. నాలుగు వందల ఘనపు మీటర్లకి పైగా మాయం చేశాడు. దేశ చరిత్రలో ఇంత పెద్ద కలప దొంగ లేడు."

ఆ దొంగ పేరు నూకరాజు. చింతలగండి డిపోలో ఇరవై తొమ్మిదేళ్ళుగా కొలతగాడు. అప్పటికే సస్పెండ్ చేశారు. సోమవారం ఉదయం విచారణ. అందులో నేరం తేలితే ఉద్యోగం పోతుంది, మధ్యాహ్నానికి పోలీసులకి అప్పగిస్తారు. ఈలోగా మాయమైన కలపని పట్టుకు రమ్మని పరాంకుశం గారు నన్ను పంపారు.

"దొరుకుతుందంటారా సార్?" అని అడిగాను.

ఆయన నా కళ్ళలోకి చూడలేదు. "నిబంధనల మేరకు గాలించండి," అన్నారు.

శనివారం పొద్దున తొమ్మిదింటికి నూకరాజు ఇంటి ముందు దిగాను. రెండు గదుల పెంకుటిల్లు. నాలుగు వందల ఘనపు మీటర్ల టేకు దాచాలంటే అలాంటి ఇళ్ళు చాలానే కావాలి. అయినా నిబంధనల మేరకు లోపలికెళ్ళాను.

నూకరాజు భార్య గవరమ్మ గుమ్మంలోనే పట్టుకుంది.

"రండి బాబూ, రండి. మంచం కింద చూసుకోండి. పొయ్యి కిందా చూసుకోండి. ఉప్పు జాడీలో చెయ్యెట్టి చూడండి, రెండు దుంగలుంటాయి."

"ఊరుకోవే," అన్నాడు నూకరాజు. బక్కపలచని మనిషి. మెడలో కండువా, చొక్కా జేబులో పెన్సిలు.

"ఏం ఊరుకోనేటి? ఇరవై తొమ్మిదేళ్ళు అడివిలో పన్జేసి మా ఇంటికి తలుపేసుకోడానికి టేకు చెక్క లేదు. ఈ తలుపు దేంతో చేశారో అడగండి. వేపండి, వేప! అదీ మా అన్నయ్యిచ్చాడు."

తలుపు చూశాను. వేపే.

ఇల్లంతా గాలిస్తే దొరికిన కలప ఒక నులక మంచం, ఒక పీట, రోకలి. పీటతో మొదలెట్టి మూడింటినీ రాసుకున్నాను.

"నూకరాజూ, నిజం చెప్పు. దుంగ పెరిగిందా, లేదా?"

"చచ్చిపోయిన దుంగ ఏం పెరుగుద్దండీ బాబూ! ఎండితే రవ్వంత తగ్గుద్ది గానీ."

"మరి వాళ్ళ చీటీలో ఎక్కువుందేం?"

"ఆళ్ళ కొలత ఏరు, మన కొలత ఏరండీ." ఆ మాట చెప్పిన తీరు చూస్తే, ఇవాళ శనివారం అని చెప్పినట్టుంది.

"అంటే?"

గోడకి తగిలించిన గుడ్డ టేపు తీసి రోకలి చుట్టూ చుట్టాడు. కలిసిన చోట గోరుతో నొక్కిపట్టి, ఊడదీసి, రెండు మడతలు వేశాడు. మళ్ళీ రెండు మడతలు. "ఇదండీ మన కొలత. చుట్టూ తిప్పిందాన్ని నాలుగు మడతలేత్తాం. ఆ మడతే చదరానికి ఒక పక్కనుకుంటాం. అంటే గుండ్రటి దుంగని నాలుగు పలకల దూలం కింద లెక్కేత్తాం. బెరడు తీసేత్తే ఎంత, కోతలో పొట్టు పోతే ఎంత అని తెల్లోళ్ళు పెట్టేరంట. ఆళ్ళు ఎప్పుడో మానేసేరు. గుండ్రాన్ని గుండ్రంగానే కొలుత్తున్నారు. మనం మాన్లేదు."

"అంతమాత్రానికే ఇరవై ఏడు శాతం తేడా వస్తుందా?"

అతను నా వైపు జాలిగా చూశాడు. "గవరా, ఆ తడిక ఇలా పట్రా."

ఆమె విసురుగా వెళ్ళి, దొడ్లోంచి వెదురు తడిక తెచ్చి నా కాళ్ళ దగ్గర పడేసింది. నూకరాజు దాన్ని అరుగు మీద నాలుగు పలకలుగా నిలబెట్టాడు. "ఇందులో ధాన్యం పోత్తే ఎన్ని కుంచాలు పట్టుద్దో అనుకోండి. ఇప్పుడు అదే తడిక." మూలలు వదిలేసి గుండ్రంగా సాగదీశాడు. తడిక ఉబ్బి అరుగంతా ఆక్రమించింది. "ఇప్పుడెంత పట్టుద్దండీ? గాదెలన్నీ గుండ్రంగానే ఎందుకు కడతారండీ మరి? ఆ ఎక్కువ పట్టిందే మీ ఇరవై ఏడు."

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను.

"ఇది ఇంకెవరికి తెలుసు?"

"టేపు పట్టిన ప్రతోడికీ తెలుసండీ. ఏ డిపోలోనైనా అడగండి."

"పైవాళ్ళకి ఎప్పుడూ చెప్పలేదా?"

"ఆళ్ళకి తెలీదని మాకెలా తెలుద్దండీ?"

గవరమ్మ తడిక చుట్టి చంకన పెట్టుకుంది. "సోమారం దీన్నీ పట్టుకెళ్ళవయ్యా," అంది మొగుడితో. నా వైపు తిరిగింది. "మా ఆయన్ని దొంగంటే నేనూరుకోను. దొంగైతే ఇంత బుద్ధితక్కువ దొంగేంటి, పీట మీద కూకుని అన్నం తింటాడా?"

జీపెక్కుతూ వెనక్కి చూశాను. బోడి కొండ మీద మొదళ్ళు తెల్లగా కనిపిస్తున్నాయి. అన్నీ గుండ్రంగానే ఉన్నాయి.

*

ఆదివారమంతా కూర్చుని ఒకే ఒక్క పేజీ నివేదిక రాశాను. అందులో ఒక చదరం, ఒక గుండ్రం బొమ్మ వేశాను. రెండింటి చుట్టూ ఒకే పొడవున్న తాడు. కింద నాలుగే వాక్యాలు. దుంగ పెరగలేదు. ఎవరూ దొంగిలించలేదు. కొలతలు రెండు రకాలు. నూకరాజు నిర్దోషి.

సోమవారం పది గంటలకి విచారణ మొదలైంది. మధ్య కుర్చీలో పరాంకుశం గారు, కుడి పక్కన సుధన్వ, ఎడమ పక్కన నేను. ఎదురుగా నూకరాజు, చేతిలో తడికతో.

"అది ఏమిటి?" అన్నాడు సుధన్వ.

"తడికండీ."

"కలప ఉత్పత్తా?"

"వెదురండీ. సంతలో కొన్నాం."

"రికార్డులో రాయండి. నిందితుడి వద్ద అటవీ ఉత్పత్తి లభ్యం."

నూకరాజు తడికని కాళ్ళ వెనక్కి జరిపాడు.

"సూటిగా అడుగుతున్నాను," అన్నాడు సుధన్వ. "ఇరవై మూడో నంబరు దుంగలో పెరిగిన కలపని ఎక్కడ దాచావు?"

"అది పెరిగింది సముద్రంలో అన్నారు కదండీ. అక్కడే వదిలేశానండీ."

నవ్వు ఆపుకోలేక నీళ్ళ గ్లాసెత్తాను.

"వెటకారమా?"

"ఆయ్, కాదండీ. మీరు చెప్పిందే చెబుతున్నాను. డిపోకొచ్చినప్పుడు నా టేపుకి లేదు. ఓడ మీద ఉందని మీరే అంటున్నారు. మజ్జిలో ఉన్నది నీళ్ళే గదండీ. పోనీ నా టేపు మీద నమ్మకం లేపోతే, ఇక్కడే, ఇప్పుడే ఈ తడిక ఒక్కసారి నిలబెట్టి చూపిత్తాను. రెండు నిమిషాల పని. ఆ తర్వాత నన్ను జైల్లో ఎట్టండి."

"తడిక అంతర్జాతీయ ప్రమాణం కాదు," అన్నాడు సుధన్వ. "అనధికార పరికరంతో ప్రదర్శన అనుమతించబడదు."

"బల్ల మీద టీ గ్లాసుంది కదండీ. దాని చుట్టూ దారం తిప్పినా చాలండీ."

"టీ గ్లాసు మండలి ఆస్తి."

నేను లేచి నా పేజీ చదవబోయాను. సుధన్వ అడ్డుపడ్డాడు. ఒక పేజీ నివేదిక నిబంధనలకి విరుద్ధమన్నాడు. కనీసం నలభై పేజీలుండాలి, కార్యనిర్వాహక సారాంశం విడిగా ఉండాలి. "పైగా కొలత తప్పంటే, డిపో పుట్టినప్పటి నుంచీ మండలి తప్పుగా కొలిచిందనేనా మీ ఉద్దేశం? ఏం మాట్లాడుతున్నారో తెలుసా?"

"తెలుసు."

పరాంకుశం గారు చెయ్యి చాచి నా కాగితం తీసుకున్నారు. ఒక్క చూపు చూసి పేపర్‌వెయిట్ కింద పెట్టారు. "నిర్ణయం పన్నెండు గంటలకి ప్రకటిస్తాం," అని లేచారు.

నూకరాజు బయట బెంచీ మీద కూర్చున్నాడు. తడిక ఒళ్ళో పెట్టుకుని, గోడ గడియారం కేసి చూస్తున్నాడు. గేటు దగ్గర పోలీసు జీపు ఆగి ఉంది. గవరమ్మ ఆ జీపు డ్రైవరుతో పెద్దగా పోట్లాడుతోంది. "ఎవరి కోసం వచ్చేరు? మా ఆయన కోసమైతే తిరిగెళ్ళండి. ఇంకా పన్నెండవలేదు."

నేను వరండాలో నిలబడి ఆలోచిస్తున్నాను. విచారణలో ఏదో కొట్టొచ్చినట్టు లోపించింది. సుధన్వ వంద ప్రశ్నలు వేశాడు, అన్నీ తెలివితక్కువవే. కానీ అతనికి తెలియదు కాబట్టి వేశాడు. పరాంకుశం గారు ఒక్కటీ వెయ్యలేదు. నాలుగు మడతల కొలత అంటే ఏమిటని అడగలేదు. తడిక ఎందుకు తెచ్చావని అడగలేదు. నా బొమ్మలో చదరమేమిటి, గుండ్రమేమిటి అని కూడా అడగలేదు.

అడగనవసరం లేనివాడే అడగడు.

కుర్చీ వెనక గోడ కళ్ళ ముందుకొచ్చింది. అద్దాల పెట్టె. అటవీ కొలతల శాస్త్రం. ప్రథమ స్థానం.

పదకొండున్నరకి తలుపు తట్టకుండా లోపలికెళ్ళాను.

"సార్, మీకు మొదటి రోజు నుంచీ తెలుసు," అన్నాను.

ఆయన లేచి వెళ్ళి తలుపు గడియ వేశారు. పెట్టె తెరిచి పతకం తీశారు. దాని రిబ్బను ఊడదీసి, బల్ల మీదున్న టీ ఫ్లాస్కు చుట్టూ తిప్పి, కలిసిన చోట గోరుతో నొక్కిపట్టి, రెండు మడతలు, మళ్ళీ రెండు మడతలు వేసి నా ముందు పెట్టారు. నూకరాజు వేసినంత ఒడుపుగానే వేశారు. తర్వాత కూర్చుని, ఇన్నేళ్ళలో నేనెప్పుడూ వినని మామూలు గొంతుతో మాట్లాడారు.

"ఈ పాఠంలోనే నాకు పతకం వచ్చింది. పరీక్షలో ప్రశ్న కూడా గుర్తుంది. నాలుగు మడతల కొలతలో దుంగ ఎంత నష్టపోతుంది? అసలు కొలతలో నూటికి ఇరవై ఒకటిన్నర అని రాశాను. మన తక్కువ కొలత మీద చూస్తే అదే ఇరవై ఏడు. హాల్లో అందరికంటే ముందు రాసిచ్చాను.

ఈ కుర్చీలోకొచ్చిన కొత్తలో ఆ కొలత మార్పించాలనే అనుకున్నాను. ఫైలు కూడా తయారుచేశాను. అంతలో పట్టిక వచ్చింది, మూడో స్థానం. ఆఫీసంతా మిఠాయిలు పంచారు. నేను లోపల కూర్చుని లెక్క చూశాను. మనమెందుకు చవక? మన నేల గొప్పదా, మన రంపం పదునైందా? ఏదీ కాదు. అయిదు దుంగలు పంపించి నాలుగని రాసుకుంటున్నాం. అయిదోది ఊరికే పోతోంది. కొనేవాడికి తెలుసు, మనకి తెలీదు. మన పోటీతత్వం మొత్తం ఆ అయిదో దుంగే. కొలత సరిచేస్తే మన స్థానం నలభై ఒకటి. ఫైలు చించేశాను.

ఆ దుంగ తిరిగొచ్చిన రోజు గంటసేపు చెమటలు పట్టాయి. ఎవడో ఒకడు రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి అడుగుతాడనుకున్నాను. బయటికొచ్చి పెరిగింది అన్నాను. ఎవరైనా నవ్వుతారేమోనని అందరి మొహాలూ చూశాను. ఒక్కడు నవ్వినా అక్కడే చెప్పేసేవాణ్ణి. చప్పట్లు కొట్టారు. మీరూ కొట్టారు కామరాజు గారూ, రెండో వరసలో కూర్చుని.

ఓడ దగ్గర ఆగుతుందనుకున్నాను. మొక్కల దగ్గరైనా ఆగుతుందనుకున్నాను. కొండ నరుకుతున్నప్పుడు ఆపాల్సింది నేనేనని తెలుసు. ఆపితే ఎందుకాపానో చెప్పాలి. చెప్పలేదు. సంతకం పెట్టాను.

మీ కాగితం చదివాను. బొమ్మ బాగా వేశారు, నా పరీక్ష పేపర్లో కూడా ఇదే బొమ్మ. కానీ ఏం చెయ్యను? నూకరాజు దొంగైతే ఒక్క కొలతగాడు పోతాడు. వాడు దొంగ కాకపోతే ఆ దొంగని నేనే. వాణ్ణి ఉద్యోగంలోంచి తీసేసే కాగితం మీద పొద్దున్న తొమ్మిదింటికే సంతకం పెట్టేశాను. అప్పటికి విచారణ ఇంకా మొదలే కాలేదు."